లంక మీద ఫుట్‌బాల్, ముందుగా భోజనం

నేను ఫుట్‌బాల్ క్లబ్బులోకి బంతి వెంబడి రాలేదు, గుండిగల వెంబడి వచ్చాను.

కోదాడలో మాది స్టీలు సామాన్ల షాపు. ముందు గదిలో గిన్నెలు, గ్లాసులు అమ్ముతాం. వెనక గదిలోంచి పెళ్లిళ్లకు, పెద్ద వంటలకు గుండిగలు, గంటెలు కిరాయికి ఇస్తాం. కిరాయికి ఇచ్చేవాళ్లకు ఒక జబ్బుంటుంది. సామాను ఎటు పోయిందో, ఎవరింట్లో ఏ మూల సొట్ట పడుతోందో అని మనసు దాని వెంటే తిరుగుతుంది. అలాంటిది, ముహూర్తాలే లేని మూఢంలో ఒక ముసలాయన రెండు వారాలకోసారి వచ్చి రెండు పెద్ద గుండిగలు పట్టుకుపోవడం మొదలుపెట్టాడు.

“ఏం ఫంక్షన్ తాతా?” అని అడిగాను.

“మ్యాచ్ ఉన్నది సేటమ్మా.”

“మ్యాచ్‌కు గుండిగలెందుకు?”

ఆయన నన్ను జాలిగా చూశాడు. “నీకు ఫుట్‌బాల్ తెల్వదు,” అన్నాడు.

నాకు నిజంగానే తెలీదు. కానీ గుండిగలు తెలుసు. మూడోసారి అవి తిరిగొచ్చినప్పుడు లోపల తల పెట్టి వాసన చూశాను. చేపలు. మా దగ్గర శాకాహారం వంటలకు వేరే సామాను, మాంసం వంటలకు వేరే సామాను. అంచు మీద రంగు గుర్తులుంటాయి. మరుసటి వారం ఎవరింటి వ్రతానికో పోవలసిన ఆకుపచ్చ గుర్తు గుండిగలో ఈయన చేపల పులుసు కాచాడు. వెల్లుల్లి కూడా ముట్టని ఇంట్లో పుట్టినదాన్ని. ఎంత కోపం రావాలో అంతా వచ్చింది. ఆ పై ఆదివారం గొడవ పెట్టుకోవడానికి స్వయంగా బయలుదేరాను. ఆటోవాడితో బేరమాడుతూ ముప్పావు గంట పోగొట్టుకోకపోయి ఉంటే, ఆ మ్యాచ్ మొదటి నుంచీ చూసి ఉండేదాన్ని.

మేళ్లచెరువు దాటి, సిమెంటు లారీల దుమ్ము దాటి లోపలికి పోతే కృష్ణ వస్తుంది. కింద డ్యామ్ కట్టినప్పటి నుంచి అక్కడ నీళ్లు నిలబడి ఉంటాయి. పల్లపు పొలాలు, ఇళ్లు మునిగిపోతే ఊరు ఊరంతా ఒడ్డు మీద కొత్త కాలనీకి మారింది. ఎత్తున ఉన్న కొన్ని ఇళ్లవాళ్లు మాత్రం, నీళ్లు మా గడప దాకా రాలేదు కదా, మేమెందుకు పోవాలని ఉండిపోయారు. వానలు పడ్డాక చుట్టూ నీళ్లే. అందుకని చుట్టుపక్కల వాళ్లు దాన్ని లంక అంటారు. పోవాలంటే పుట్టి ఎక్కాలి. వెదురుతో బుట్టలాగా అల్లి, తారు పూసిన గుండ్రటి పడవ. దాన్ని నడిపేది మా గుండిగల తాతే.

నేను పుట్టి దిగేసరికి మ్యాచ్ సగమైంది. మిర్యాలగూడ నుంచి వచ్చిన జట్టు, అంతా రైసు మిల్లుల్లో బస్తాలు ఎత్తే బలమైన మనుషులు, గ్రౌండులో అక్కడొకరు ఇక్కడొకరు నిలబడి ఆయాసపడుతున్నారు. ఒకతను గోల్ పోస్టును పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. అతను గోల్‌కీపరు. లంక జట్టువాళ్లు వాళ్ల మధ్యలోంచి లేగదూడల్లాగా పరిగెడుతున్నారు.

అప్పుడు అర్థమైంది ఫుట్‌బాల్‌కు గుండిగలెందుకో. లంక మీద ఆచారం ఏమిటంటే, వచ్చిన జట్టుకు మ్యాచ్‌కు ముందే భోజనం. బగారన్నం, చేపల పులుసు, వేయించిన చేపముక్కలు, ఆఖరున గడ్డపెరుగు. వడ్డించేది తాత ఇల్లాలు. అందరికీ అమ్మమ్మ. ఆమె మనసులో ఏ కుట్రా లేదు. “ఇంకో ముక్క వేస్కో బిడ్డా, పొద్దుగాల ఎప్పుడు తిన్నవో ఏందో,” అని ఆమె అంటుంటే వద్దని చేయి అడ్డుపెట్టగల మగాడు ఈ చుట్టుపక్కల ఊళ్లలో లేడు. కుట్ర అంతా తాతది. లంక జట్టువాళ్లు మాత్రం ఇంటి వెనక గ్లాసెడు జొన్న జావ తాగి, పద్ధతిగా నోరు తుడుచుకుని వచ్చేవాళ్లు. సొంత గ్రౌండులో వాళ్లు ఓడిన మ్యాచ్ ఎవరికీ గుర్తులేదు. బయట గ్రౌండులో గెలిచింది కూడా ఎవరికీ గుర్తులేదనుకోండి.

గొడవ పెట్టుకోవడానికి పోయిన నేను, అమ్మమ్మ నా కోసం విడిగా పెట్టిన పప్పుచారు, పెరుగన్నం తిని, ఆ రెండు గుండిగల మీద ఎర్ర గుర్తు వేసి, ఇవి ఇక లంకవే అని చెప్పి వచ్చాను. నేను బేరంలో ఓడిన సందర్భాలు రాస్తూ పోతే ఇదే మొదటిది అవుతుంది.

క్లబ్బు ఎలా పుట్టిందో పోగా పోగా తెలిసింది. మొదట వీళ్లూ అందరిలాగే క్రికెట్టే ఆడారు. సిక్సరు కొట్టిన ప్రతిసారీ బంతి కృష్ణలో పడేది. కార్కు బంతి మునిగేది. టెన్నిస్ బంతి తేలేది కానీ, గాలికి కొట్టుకుపోయి అవతలి ఒడ్డుకు, అంటే ఆంధ్రలోకి చేరేది. రాష్ట్రం దాటిన బంతిని ఎవరు తెస్తారు? చివరికి సిక్సరు కొడితే అవుట్ అని రూలు పెట్టారు. బ్యాట్స్‌మన్లు అలిగి ఆట మానేశారు. ఆ రోజుల్లోనే ఒక పొద్దున ఒక ఫుట్‌బాల్ దానంతటదే తేలుతూ వచ్చి తాత పుట్టికి తగిలింది. ఈ బంతి మునగదు, దూరం నుంచి కనిపిస్తుంది, ఈదుకుంటూ పోతే దొరుకుతుంది. అదే క్లబ్బుకు మొదటి ఆస్తి. ఆ బంతి మాదే, పిక్నిక్‌కు పోయినప్పుడు పోగొట్టుకున్నామని మేళ్లచెరువు లారీ డ్రైవర్ల జట్టు ఈ రోజుకూ అంటుంది. అనేవాళ్లను అననివ్వండని తాత అంటాడు.

గ్రౌండు తాతది. ఆయన పొలమంతా నీళ్లలో పోగా పైన మిగిలిన రాళ్ల మెట్ట చెలక. ఒకవైపు ఎత్తు, మూడువైపుల నీళ్లు. దున్నితే ఏమీ పండదు. రాళ్లు ఏరించి ఆటకు ఇచ్చేశాడు.

నన్ను మేనేజరును చేసినవి జెర్సీలు. సూర్యాపేటలో ఒక షాపులో పొద్దున కూర్చుని మధ్యాహ్నం దాకా బేరం చేసి, ఏడు జెర్సీల ధరకు పదకొండు తెచ్చాను. గర్వంగా విప్పి చూస్తే, అవి ఏ కబడ్డీ జట్టో వద్దన్న సరుకు. మూడింటి వీపు మీద ఏడో నంబరు, నాలుగింటి మీద రెండో నంబరు. నేను తలెత్తుకోలేకపోయాను. తాత మాత్రం మురిసిపోయాడు. ఏడో నంబరువాడు తప్పు చేశాడని రిఫరీ ఈల వేస్తే, మా వాళ్లు ముగ్గురూ ఒకరినొకరు చూపించుకునేవాళ్లు.

ఇలా ఎంత కాలం సాగుతుంది? పోయిన ఏడు వానలు తగ్గాక, లీగు మొదలవబోతుండగా ఒక కాగితం వచ్చింది. మాతో కలిపి లీగులో ఆరు జట్లు. సూర్యాపేట, మిర్యాలగూడ, కోదాడ కాలేజీ పిల్లలు, గరిడేపల్లి రైతులు, మేళ్లచెరువు లారీలవాళ్లు. మేము తప్ప ఐదు జట్ల కెప్టెన్లూ సంతకాలు పెట్టారు. ఇక మీదట లంక గ్రౌండులో మ్యాచులు ఆడం, లంక జట్టు కావాలంటే ఒడ్డుకొచ్చి ఆడుకోవచ్చు అని.

తాత ఆ కాగితం నాతో రెండుసార్లు చదివించుకున్నాడు.

“ఒడ్డుకు పోయి ఆడితే ఏమైతది తాతా?” అన్నాను, ఆయన ముఖం చూసి.

“ఆటకేం గాదు,” అన్నాడు. “మ్యాచ్ లేకుంటే నా పుట్టి ఎవరెక్కుతరు చెప్పు. చుట్టాలు రారు, ఆఫీసరు రాడు, ఐస్‌క్రీమోడు రాడు. మ్యాచ్ రోజుల్ల వస్తరు. గవ్వి గూడ ఆగిపోతే మా కోడండ్లు ఒక్కొక్కలు మూటె గట్టుకోని కాలనీకి పోతరు. ఇప్పటికే మూడిండ్లు తాళాలు. నేను, మా ముసల్ది, గా గోల్ పోస్టులు మిగులుతం.”

ఆ కాగితాన్ని మడిచి నా చేతిలో పెట్టాడు. “నువ్వు పోయి బేరం చెయ్యి సేటమ్మా. మాకు నువ్వు గాక ఎవరున్నరు?”

ఈ మాట అన్నాక నన్ను పట్టేవాళ్లు లేరు. షాపులో నాయన నాకు నేర్పింది రెండే. మనకు కావలసింది ఎప్పుడూ అడగకూడదు, దానికి ఎన్నో రెట్లు అడగాలి. ఎదుటివాడు ఏమన్నా ముఖం మారకూడదు. నేను లెక్క వేసుకున్నాను. లీగులో మొత్తం ముప్ఫై మ్యాచులు. మాకు కావలసింది మా సొంత గ్రౌండు మ్యాచులు ఐదు. ముప్ఫై అడుగుతాను. వాళ్లు నవ్వుతారు. పదిహేనుకు దిగుతాను, పదికి దిగుతాను, ఆఖరున కంటతడి పెట్టుకుని ఐదుకు ఒప్పుకుంటాను. కంటతడి ఎక్కడ పెట్టుకోవాలో కూడా బస్సులోనే నిర్ణయించుకున్నాను.

మిర్యాలగూడలో ఒక మిల్లు ఆఫీసు గదిలో ఐదుగురు కెప్టెన్లూ కూర్చున్నారు. మిర్యాలగూడ కెప్టెను ఆ మిల్లులోనే గుమాస్తా. సూర్యాపేట కెప్టెను ఒక బడిలో పీఈటీ సారు.

“మీ మీద మాకు కోపం లేదక్కా,” అని మిల్లు కెప్టెను మొదలుపెట్టాడు. “కానీ మీరు తినిపిచ్చి సంపుతున్నరు.”

“ఇంటికొచ్చినోళ్లకు అన్నం పెట్టుడు తప్పా?”

“పెట్టుడు తప్పు గాదు,” అన్నాడు గరిడేపల్లి కెప్టెను. “పెట్టే టైము తప్పు. పైగా తిన్నంక మొదటి సగం ఎత్తుకు ఎక్కుడు దిక్కు మేమే ఆడాలె. టాస్ గెలిచినా మేమే, ఓడినా మేమే.”

“టాస్ వేసే బిళ్ల తాత జేబులోంచే వస్తది,” అన్నాడు లారీల కెప్టెను. “ఇగ మా బంతి సంగతి ఎత్తితే మళ్ల పంచాయితీ అయితది.”

“మీ ఏడో నంబరు పిల్లగాడున్నడు కదా,” అని పీఈటీ సారు అందుకున్నాడు. “ఏ ఏడో నంబరని అడగకు. మీరు గెలుస్తున్నప్పుడు బంతి నీళ్లల్ల పడితే తెస్తనని పోయి తానం జేసి వస్తడు. మొన్న సబ్బు గూడ తీస్కపోయిండు.”

సబ్బు సంగతి నాకు కొత్త. ముఖం మార్చలేదు.

“సరే, మీ బాధ నాకు అర్థమైంది,” అన్నాను. “నా మాట కూడా వినండి. ఐదు మ్యాచులు కాదు, లీగు మొత్తం లంక మీదనే పెట్టండి. ముప్ఫై మ్యాచులూ.”

అని వెనక్కి ఆనుకుని, వాళ్ల నవ్వు కోసం ఎదురుచూశాను.

వాళ్లు నవ్వలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పీఈటీ సారు గొంతు సవరించుకున్నాడు.

“అన్నీనా అక్కా?”

“అన్నీ.”

“సరే మరి,” అన్నాడు.

అడిగిన రేటుకు గిరాకీ సరేనంటే షాపువాళ్లకు ఎలా ఉంటుందో షాపువాళ్లకే తెలుసు. ఇంకెంత అడిగి ఉండొచ్చో, సరుకులో మనకు తెలియనిది వాళ్లకేం తెలిసిందో అని లోపల రంపం పెట్టి కోసినట్టుంటుంది. “అన్నీ అంటే, మరీ అన్నీ అని కాదు,” అని నేనే వెనక్కి బేరమాడటం మొదలుపెట్టాను. “ఒక పదిహేనైనా...”

“లేదక్కా, మాటంటే మాటే,” అన్నాడు మిల్లు కెప్టెను. ఆ సంతోషంలో టీలు చెప్పాడు.

టీ తాగుతుంటే బయటపడింది. మిర్యాలగూడ గ్రౌండులో వడ్లు ఆరబోశారు. గరిడేపల్లి గ్రౌండులో కొనుగోలు కేంద్రం పెట్టి కుప్పలు పోశారు. సూర్యాపేట గ్రౌండులో జెయింట్ వీలు తిరుగుతోంది. కోదాడ పిల్లల గ్రౌండులో కాలేజీవాళ్లు కొత్త బిల్డింగుకు పునాదులు తీశారు. మేళ్లచెరువు గ్రౌండు లారీల పార్కింగు. ఆరు జట్ల లీగులో నిజంగా గ్రౌండు ఉన్నది మాకొక్కరికే. తమకు గ్రౌండ్లు లేవని చెప్పుకోవడానికి సిగ్గై, మీ గ్రౌండు వద్దని కాగితం పంపారు. మేము పోయి కాళ్లావేళ్లా పడితే, పోనీలే పాపం అని ఒప్పుకుని వచ్చి ఆడుకుందామని వాళ్ల ప్లాను. ఐదుగురిలో ఒక్కడి ఇంట్లో కూడా దుకాణం లేదు. బేరమాడటంలో నాకే ఎవరైనా ట్యూషను చెప్పాలి.

వాళ్లు షరతులు కూడా పెట్టారు. భోజనం మ్యాచులన్నీ అయ్యాకే. టాస్ రిఫరీ జేబులోంచి. సబ్బు నిషేధం. అన్నిటికంటే పెద్దది ఆఖరున పీఈటీ సారు చెప్పాడు. “మొదటి ఆదివారం సూస్తం. ఆ రోజు పొద్దుగుంకేలోపు మా మాట చెప్తం. కుదిరితే ముప్ఫై. కుదరకపోతే ఈ ఏడు లీగే వద్దు, ఎవని పని వాడు సూస్కుందాం.”

ఐదు కాపాడుకుని రమ్మని పంపితే, ఐదూ ముప్ఫైలో కలిపి జూదంలో పెట్టి వచ్చాను.

లంక మీద ఆ సంగతి చెప్పగానే మా జట్టువాళ్లు నన్ను పుట్టి లేకుండానే ఒడ్డుకు పంపేట్టు చూశారు. “భోజనం ఎన్కకు పోతే మనమెట్ల గెలుస్తం?” అని ఒకడు. “నువ్వు జెర్సీల కాడనే ఆగాల్సింది అక్కా,” అని ఇంకొకడు. అంతా అరిచి అలిసిపోయాక తాత, “మొత్తం ఎంతమంది వస్తరు?” అని అడిగాడు.

“జట్లు, వాళ్ల వెంట వచ్చేవాళ్లు, డెబ్బై దాకా ఉంటారు తాతా.”

“డెబ్బై,” అన్నాడు మెల్లగా. లేచి పుట్టి బోర్లించి, తారు ఎక్కడ లేచిందో చూసుకోవడానికి పోయాడు.

ఆ ఆదివారం తెల్లవారినప్పటి నుంచి పుట్టి ఆగలేదు. అటు నుంచి మనుషులు, ఇటు ఖాళీ. మళ్లీ మనుషులు. ఐస్‌క్రీమువాడు డబ్బాతో సహా వచ్చాడు. లంక అంచున బురద కాబట్టి అందరూ చెప్పులు అక్కడే విడిచి గ్రౌండుకు ఎక్కుతారు. అందరినీ దాటించాక తాత, నీళ్లు అంచుకు వచ్చినప్పుడల్లా వంగి, ఆ చెప్పుల్ని ఒక అడుగు పైకి జరుపుతూ కూర్చున్నాడు. మ్యాచుల వైపు చూడలేదు. చెప్పులే చూస్తున్నాడు.

మూడు మ్యాచుల్లో మాది ఆఖరుది, సూర్యాపేటతో. సొంత గ్రౌండులో మెలకువగా ఉన్న జట్టుతో ఆడటం మా వాళ్లకు అదే మొదలు. పైగా పొద్దుటి నుంచి కట్టెలు మోసి, ఉల్లిపాయలు కోసి, నీళ్లు తోడి, పులుసు వాసన పీల్చి పీల్చి ఉన్నారు. మా గోల్‌కీపరు చూపు గోలు మీద కన్నా పొయ్యి మీద ఎక్కువ నిలిచింది. ఐదు గోల్స్ పడ్డాయి. మేము ఒకటి కూడా వెయ్యలేదు. సొంత గ్రౌండు రికార్డు ఆ మధ్యాహ్నం మట్టిలో కలిసింది. సబ్బు పిల్లగాడు బంతి కోసం నీళ్లలోకి దూకి, దూకినంత వేగంగా తిరిగొచ్చాడు. ఎందుకురా అంత తొందరని అడిగితే, “ఓడిపోతున్నం కదక్కా,” అన్నాడు.

భోజనాల దగ్గర గెలిచినవాళ్లూ ఓడినవాళ్లూ ఒకే బంతిలో కూర్చున్నారు. అమ్మమ్మకు షరతుల సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. “మ్యాచ్‌కు ముందు తినకుంటే ఎట్ల ఆడిండ్రు బిడ్డా, బక్కగైనరు,” అని బాధపడుతూ వడ్డించింది. కెప్టెన్లు ఐదుగురూ చేతులు కడుక్కుని పక్కకు పోయి చాలాసేపు మాట్లాడుకున్నారు. తిరిగొచ్చాక ఒక్కరి ముఖమూ మారలేదు. అవి కొనేవాళ్ల ముఖాలో, కొనకుండా పోయేవాళ్ల ముఖాలో పోల్చుకోలేకపోయాను.

పొద్దు వాలుతుండగా మొదటి ట్రిప్పులో వాళ్లు ఐదుగురు, నేను ఎక్కాం. తాత తెడ్డు వేస్తున్నాడు. సగం దూరం పోయాక తెడ్డు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. బీడీ ముట్టించాడు.

“ఏమైంది తాతా?” అన్నాడు మిల్లు కెప్టెను.

“ఏం గాలే. మీరేదో చెప్తమన్నరంట కదా. చెప్తే పోదాం.”

పుట్టికి తెడ్డు వేయడం ఆపితే అది నిలబడదు, ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంది. లంక ఎదురుగా వచ్చి పక్కకు పోయింది. తరవాత ఆంధ్ర ఒడ్డు వచ్చి పోయింది. లారీల కెప్టెను చేత్తో నీళ్లు తోసి చూశాడు. పుట్టి రెండోవైపు తిరగడం మొదలుపెట్టింది.

పీఈటీ సారు ఒప్పుకున్నాడు. “మంచిగున్నది తాతా. ఈ ఏడు మొత్తం ఈడ్నే ఆడుతం.”

“వచ్చే ఏడు?”

“వచ్చే ఏడు సంగతి వచ్చే ఏడు,” అన్నాడు మిల్లు కెప్టెను.

తాత బీడీ పీల్చాడు. లంక మళ్లీ ఎదురుగా వచ్చింది. అక్కడ తమ వంతు కోసం నిలబడ్డవాళ్లు మమ్మల్ని చూసి చేతులూపారు.

“సరే, వచ్చే ఏడు గూడ,” అన్నాడు మిల్లు కెప్టెను. “తెడ్డెయ్యి, నాకు తల తిరుగుతున్నది.”

“ఆ పై ఏడు?”

నేను ఉండబట్టలేక తాత చెవిలో అన్నాను. “ఇగ చాలు తాతా. ఇచ్చిన కాడికి తీసుకో.”

“నువ్వు జర ఊకో సేటమ్మా,” అన్నాడు అందరికీ వినిపించేట్టు. “నీ బేరం మిల్లుల జూసినం.”

గరిడేపల్లి కెప్టెను కడుపు పట్టుకుని నవ్వాడు. తిన్నది ఎక్కువైందో ఏమో, నవ్వు మధ్యలోనే ఆపి ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

“ఆ పై ఏడు మేం ఆడే వయసుల ఉంటమో లేదో తాతా,” అన్నాడు పీఈటీ సారు.

“మీరు రాకున్నా మంచిదే. మీ టీములు రావాలె.”

పుట్టి ఇంకో రెండు చుట్లు తిరిగింది. ఐదుగురూ ఒకరినొకరు చూసుకున్నారు. పీఈటీ సారు అందరి తరఫునా చేయి చాపాడు. “వస్తయి,” అన్నాడు. “నీ పుట్టి ఉన్నన్ని రోజులు వస్తయి.”

తాత ఆ చేతిని పట్టుకుని, బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకుని, తెడ్డు అందుకున్నాడు. కెప్టెన్లు ఒక్కొక్కరుగా దిగి, బురదలో తూలుతూ పైకి పోయారు. నాకు ఆయనతో కాసేపు నిలబడి మాట్లాడాలనిపించింది. ఆయన అప్పటికే పుట్టిని వెనక్కి తిప్పుతున్నాడు.

“దిగు సేటమ్మా, మళ్ల మాట్లాడుదాం,” అన్నాడు. “ఇంక అరవై మందిని దాటియ్యాలె.”